ఉద్యోగం మానేద్దామనుకున్న రోజులు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే బాగా మాట్లాడగలవారు నా తర్వాత ముగ్గురున్నారు. కార్యదర్శి గారు నన్ను "పెన్షను మన హక్కు" అనే అంశం మీద మాట్లాడమన్నారు. అది మీ అందరికీ కంఠతా వచ్చినదే. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పెన్షను సర్కారు వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. అందుకే ఈ తేదీ మనకు పండుగ. అయితే ఆ హక్కును 1997లో నా చేత్తో నేనే ఒక తెల్ల కాగితం మీద రాసి పారేయబోయాను. ఈ సంగతి ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం మొన్నీమధ్య మా ఇంట్లోనే వచ్చింది. అందుచేత కార్యదర్శి గారి అనుమతితో అంశాన్ని కొంచెం పక్కకు జరుపుతున్నాను.

నేను 1974లో రెవెన్యూలో ఎల్.డి.సి.గా చేరాను. అప్పుడు తాలూకా ఆఫీసులు. ఒక్కొక్క సెక్షనుకు ఒక్కొక్క గుమాస్తా, పైన హెడ్ గుమాస్తా, ఆ పైన డిప్యూటీ తహశీల్దారు. తప్పు రాస్తే దిద్దేవారుండేవారు, తిట్టేవారూ ఉండేవారు. తిట్టిన మనిషే సాయంత్రం టీ ఇప్పించేవాడు. 1984 జనవరిలో కరణం మునసబుల వ్యవస్థ రద్దయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. ప్రజలకు ఆఫీసు దగ్గరైంది, కాదనను. కానీ అంతవరకు కరణం గారి నోట్లో ఉన్న లెక్కలన్నీ మా బల్ల మీదికొచ్చి పడ్డాయి. ఆ బల్ల దగ్గర మాత్రం, "ఇది ఎలా రాయాలండీ" అని అడుగుదామంటే పక్కన కుర్చీలో మనిషి లేడు. అప్పట్లో ఈ తేడా నాకు తట్టలేదు. తర్వాత తట్టింది.

1996 నాటికి నేను సీనియర్ అసిస్టెంటుని. ఇల్లు రామచంద్రపురం. ఆఫీసు గోదావరికి అవతల, కోనసీమలో. ఏ మండలమో చెప్పను. పొద్దున్నే బస్సులో కోటిపల్లి రేవుకు, అక్కడ పంటెక్కి ముక్తేశ్వరానికి, మళ్ళీ అక్కణ్ణించి బస్సు. సాయంత్రం అదే దారి. ఆ నవంబరు 6వ తేదీ రాత్రి తుఫాను సంగతి ఈ సభలో చాలామందికి నేను చెప్పనక్కరలేదు. వెయ్యిమందికి పైగా పోయారు. మర్నాడు చూస్తే కొబ్బరి తోటలకు తోటలు, ఎవరో చేత్తో నిమిరినట్టు, ఒకే వైపుకు పడుకుని ఉన్నాయి.

తర్వాత నాలుగు నెలలు మాకు ఆదివారం లేదు. ఇళ్ళు కూలినవారి జాబితా, చెట్లు పోయినవారి జాబితా, వలలు పోయినవారి జాబితా. పై నుంచి ఒక మాట వస్తే జాబితా మళ్ళీ మొదటి నుంచి. పేరు లేనివాడు వచ్చి బల్ల గుద్ది అడుగుతాడు. కూలిన ఇంటివాడు ఎవరిని తిడతాడు? ఎదురుగా ఉన్నవాణ్ణి తిడతాడు. వారిని నేను అప్పుడూ తప్పు పట్టలేదు, ఇప్పుడూ పట్టను.

నన్ను కుంగదీసింది తుఫాను కాదు. ఆ పని కష్టమే గానీ అందరం కలిసి చేశాం. 1997 ఎండాకాలంలో ఆడిట్ వచ్చింది. అప్పటికి అధికారులు బదిలీల మీద వెళ్ళిపోయారు. జాబితాలో ఒక పేరు, చెల్లింపు కాగితంలో ఇంకో పేరు. వేలిముద్రకు సాక్షి సంతకం లేదు. ఇలాంటివి మొత్తం 64 అభ్యంతరాలు. వాటికి సంజాయిషీ చెప్పమని నా పేర మెమో. ఒక్క రూపాయి తినలేదని నాకు తెలుసు. కానీ మోకాలి లోతు నీళ్ళల్లో నిలబడి పంచినప్పుడు సాక్షి సంతకం ఎవరు పెట్టించారని ఆ కాగితంలో ఎక్కడ రాయను?

అప్పటి నుంచి మొదలైంది. రాత్రి మూడింటికి మెలకువ. ఇక తెల్లవారేదాకా అంకెలు. అన్నం గొంతు దిగేది కాదు. ఒకే తాఖీదు నాలుగుసార్లు చదివినా ఏముందో తలకెక్కేది కాదు. ఆదివారం మధ్యాహ్నం నాలుగు కొట్టేసరికి సోమవారం గుర్తొచ్చి కడుపులో తిప్పేది. పెద్దమ్మాయి స్కూలు ఫీజు అడిగితే ఆ పిల్ల మీద చెయ్యెత్తాను. నా జన్మలో అదొక్కసారే. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. ఇంట్లో ఎవరికీ మెమో సంగతి చెప్పలేదు. ఆఫీసులో ఎవరికీ నిద్ర సంగతి చెప్పలేదు. మన తరంవారికి అదొక గౌరవం మరి.

జులైలో ఒకరోజు, గోదావరికి అప్పుడే ఎర్రనీళ్ళొచ్చాయి. పంటు ముక్తేశ్వరం రేవులో ఆగింది. అందరూ దిగారు. నాకు కాళ్ళు లేవలేదు. పంటు తిరిగి కోటిపల్లి వచ్చింది, అక్కడా దిగలేదు. అలా మూడు ట్రిప్పులు. "ఆయ్, గుమాస్తాగారూ, ఇయ్యాల దిగరాండీ?" అన్నాడు పంటు మనిషి. ఆ నీళ్ళ వంక చూస్తూ నేనేమేమి అనుకున్నానో ఇంత మంది పిల్లల ముందు చెప్పను. ఆ మనిషి నా చెయ్యి పట్టుకుని కోటిపల్లి ఒడ్డున దింపి, సోడా ఇప్పించి, బస్సెక్కించాడు. ఆయన పేరు కూడా అడగలేదు నేను.

ఆ సాయంత్రమే కాగితం రాశాను. "నా సొంత కారణాల వల్ల ఉద్యోగానికి రాజీనామా చేయుచున్నాను." జేబులో పెట్టుకున్నాను, మర్నాడు ఇచ్చేద్దామని. చొక్కా ఉతకబోతూ మా ఆవిడ చూసింది. చదివి, ఏడవలేదు, అరవలేదు. "ఇది మీ దస్తూరీ కాదు" అంది. చూస్తే నిజమే. నా దస్తూరీకి తాలూకా ఆఫీసులో పేరుండేది, తహశీల్దారు గార్లు పిలిచి మరీ రాయించుకునేవారు. ఈ కాగితంలో గీత మీద ఒక్క అక్షరం నిలబడలేదు. "ముందు డాక్టరు గారికి చూపించుకోండి. నిద్ర పట్టాక మళ్ళీ రాయండి. అప్పుడు మీ దస్తూరీలో ఉంటే నేనే తీసుకెళ్ళి పోస్టు చేస్తాను" అంది.

ప్రభుత్వాసుపత్రి డాక్టరు గారు బి.పి. చూశారు. 170 మీద 110. "సరిగా నిద్రపోయి ఎన్నాళ్ళయిందండీ?" అని అడిగారు. ఆ మాట నన్నడిగిన మొదటి మనిషి ఆయనే. సమాధానం చెప్పబోతే గొంతు పూడుకుపోయింది. మందులిచ్చి, 45 రోజులకు సర్టిఫికెట్ రాశారు. మన రూల్సులో ఏడాదికి 20 రోజులు సగం జీతపు సెలవు జమ అవుతుందని, రెండు రోజులు ఖర్చు పెడితే మెడికల్ సర్టిఫికెట్ మీద ఒక రోజు పూర్తి జీతంతో దొరుకుతుందని ఊరందరికీ చెప్పినవాణ్ణి నేను. నా ఖాతాలో 400 పైన మూలుగుతున్నాయి. ఒక్కటీ వాడలేదు. సెలవు పెట్టకపోవడం గొప్ప అనుకునేవాణ్ణి.

మొదటి పది రోజులు నిద్రపోయాను, అంతే. తర్వాత మా పాత హెడ్ గుమాస్తా గారు, అప్పటికే రిటైరయ్యారు, చూడడానికి వచ్చారు. మా ఆవిడే కబురంపిందని తర్వాత తెలిసింది. కాగితం చూసి ఆయన మొదట నవ్వారు, తర్వాత కోప్పడ్డారు. "అభ్యంతరానికి జవాబు రాస్తారు గానీ రాజీనామా రాస్తారటయ్యా? పైగా ఇదేం మాట రాశావు? ఎన్నేళ్ళ సర్వీసు నీది?" అన్నారు.

ఇక్కడ పిల్లలు కొంచెం శ్రద్ధగా వినాలి. 1980 పెన్షను రూల్సు ప్రకారం 20 ఏళ్ళ సర్వీసు నిండినవాడు మూడు నెలల నోటీసిచ్చి స్వచ్ఛందంగా రిటైరు కావచ్చు. దానికి అయిదేళ్ళ దాకా వెయిటేజి కలిసేది. నాకప్పుడు 23. అయిదు కలిపితే 28. పూర్తి పెన్షనుకు 33 కాబట్టి, జీతం నూరు రూపాయలైతే అందులో సగానికి 33లో 28 వంతులు, అంటే 42 రూపాయల చిల్లర పెన్షను. అదే "రాజీనామా" అని రాస్తే అంతవరకు చేసిన సర్వీసంతా కొట్టుకుపోతుంది. జి.పి.ఎఫ్.లో మనం దాచుకున్నది మనకొస్తుంది, పెన్షను సున్న. ఇలాంటి ఫైళ్ళు నా చేత్తో ఎన్నో నడిపాను. అయినా నా సొంత కాగితం మీద ఆ మాటే రాశాను. అప్పుడు నాకు భయం వేసింది. ఉద్యోగం పోతుందని కాదు, నా బుర్ర నా దగ్గర లేదని.

మాతో పనిచేసిన ఒకాయన 1988లో, పై అధికారితో మాటా మాటా పెరిగి, అక్కడికక్కడే రాజీనామా రాసి బల్ల మీద కొట్టి వెళ్ళిపోయాడు. మగాడంటే అలా ఉండాలి అనుకున్నాం అందరం. ముసలితనంలో మన సంఘం దగ్గరికే వచ్చాడు, ఏమైనా దారుందా అని. లేదు. అలాగని మానేసినవాళ్ళందరూ చెడిపోయారనీ అనను. మరో మిత్రుడు 20 ఏళ్ళు నిండగానే నోటీసిచ్చి, పద్ధతిగా బయటికొచ్చి, కడియం నర్సరీల్లో లెక్కలు రాసుకుంటూ మొక్కల మధ్య హాయిగా బతికాడు. మా అందరికంటే ఆయన ముఖమే కళకళలాడేది. నాకాయన మీద అసూయ కూడా ఉండేది.

హెడ్ గుమాస్తా గారు నాతో కూర్చుని 64 అభ్యంతరాలకూ ఒక నోటుబుక్కులో వరస వేశారు. ముప్పాతిక వంతు వాటికి ఆఫీసు కాగితాల్లోనే జవాబుంది. భయంతో చూస్తే నాకు కనబడలేదు. మిగిలిన వాటికి సెలవు అయ్యాక ఊళ్ళు తిరిగి, సొమ్ము పుచ్చుకున్నట్టు వాంగ్మూలాలు తీసుకున్నాను. ఒక ముసలమ్మ, "నువ్వే గదా బాబూ ఇచ్చావు, ఎన్నిసార్లయినా ఏత్తాను" అని వేలిముద్ర వేసింది. చివరికి రెండు తేలలేదు. 1,140 రూపాయలు ఆరు వాయిదాల్లో, నెలకు 190 చొప్పున, నా జీతంలో కోశారు. న్యాయం కాదు. కట్టాను.

సెలవు ఆఖరి రోజున మా ఆవిడ తెల్ల కాగితం, పెన్ను తెచ్చి ముందు పెట్టింది. రాశాను. ఈసారి "స్వచ్ఛంద పదవీ విరమణ" అనే రాశాను, నా దస్తూరీలోనే. తేదీ మాత్రం వేయలేదు. బీరువాలో పెట్టాం. అది అక్కడ ఉన్నదన్న ధైర్యంతోనే మర్నాడు పంటెక్కానని చెప్పాలి. 1998లో గోదావరికి ఇవతల ఒక ఆఫీసుకు బదిలీ అయింది. డిప్యూటీ తహశీల్దారు ప్రమోషను వస్తే వద్దని రాసిచ్చాను. దానివల్ల పెన్షనులో ఎంత తగ్గిందో మా ఆవిడ పైసలతో సహా చెప్పగలదు. 2009లో 58 నిండి రిటైరయ్యాను.

ఈ అవస్థకు ఇంగ్లీషులో బర్నవుట్ అని పేరుందట. ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ పేరుతో వ్యాసం రాసింది 1974లో, సరిగ్గా నేను ఉద్యోగంలో చేరిన ఏడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇది విడిగా ఒక జబ్బు కాదు గానీ, చక్కబడని పని ఒత్తిడి వల్ల వచ్చే పరిస్థితి అని తన పట్టికలో చేర్చింది. సత్తువ ఉడిగిపోవడం, పని మీద విరక్తి, చేతగాదన్న భావం దాని లక్షణాలు. మాకప్పుడు పేరు తెలియదు, పంటు మనిషి ఒక్కడే తెలుసు. ఇప్పుడు 14416 అని ప్రభుత్వం వారి టెలిమానస్ నంబరుంది. 2022లో పెట్టారు. డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. దయచేసి రాసుకోండి. పక్కవారి కోసమే అనుకుని రాసుకోండి.

ఇక ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మా పెద్దమ్మాయి, ఫీజడిగిన ఆ పిల్లే, ఒక ప్రైవేటు బ్యాంకులో 18 ఏళ్ళుగా పనిచేస్తోంది. గత నెల తెల్లవారుజామున మూడున్నరకు ఫోను చేసింది. "నాన్నా, రాజీనామా మెయిలు రాసేశాను, పంపించడమే తరువాయి" అంది. ఇల్లు, అప్పు, పిల్లల చదువులు అంటూ ఒక్క మాట కూడా అనలేదు నేను. "ఈ రాత్రి నిద్రపోయావా అమ్మా?" అనడిగాను. అటునుంచి చాలాసేపు మాట లేదు.

మా కాలపు లెక్కలు వారికి పనికిరావు. 2004 సెప్టెంబరు 1 నుంచి సర్కారు కొలువుల్లో చేరినవారి పెన్షనే వేరు పద్ధతిలో పెట్టారు, ప్రైవేటు సంగతి చెప్పేదేముంది. గ్రాట్యుటీ ఎంత, పి.ఎఫ్. ఎంత, ఉద్యోగంతోపాటు పోయే ఆరోగ్య బీమా సంగతేమిటి అన్నది నోటుబుక్కులో తనే వరస వేసుకుంటోంది. అక్కడక్కడ నేను కూడికలు సరిచూస్తున్నాను. మానేస్తుందో, ఉంటుందో, నాకు తెలియదు. ఏది చేసినా సరే అన్నాను.

అమ్మాయి అనుమతి తీసుకునే ఇదంతా చెప్పాను. సెలవు పెట్టి మా ఇంట్లోనే ఉంది. నిన్న పొద్దున్న పదింటి దాకా పడుకుంది. మా ఆవిడ కుక్కర్ విజిలు కూడా వేయనివ్వలేదు.