బీఓఎంలో చదరపు లెక్క

సాలిడ్‌వర్క్స్‌లో రేకు పెట్టెలు, ప్యానెళ్లు గీసేవారి కోసం ఈ నాలుగు మాటలు.

మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న రేకును తీసుకుందాం. మిల్లీమీటర్లలో గీసిన ఆ రేకు ఉపరితల వైశాల్యాన్ని బీఓఎం (సామగ్రి జాబితా)లోకి తెస్తే 10,06,000 అని ఒట్టి అంకె పడుతుంది. పక్కన యూనిట్ ఉండదు. అవి చదరపు మిల్లీమీటర్లని గీసినవారికి తెలుసు, కొనుగోలు విభాగానికి ఎలా తెలుస్తుంది? మీటరుకు వెయ్యి మిల్లీమీటర్లే గానీ, చదరపు మీటరుకు పది లక్షల చదరపు మిల్లీమీటర్లు. అంటే ఆ రేకు 1.006 చదరపు మీటర్లు. వెయ్యితో భాగించి ఊరుకుంటే లెక్క వెయ్యి రెట్లు తప్పుతుంది.

సర్దుబాటు కష్టమేమీ కాదు. డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లోని యూనిట్స్ పేజీలో కస్టమ్ ఎంచుకుని, మాస్ ప్రాపర్టీస్ కింద పొడవును మీటర్లకు మార్చి, దశాంశాలు మూడు పెట్టండి. కస్టమ్ ప్రాపర్టీలో విలువ తర్వాత 'చ.మీ.' అని టైపు చేయండి. పార్ట్ టెంప్లేట్‌లోనే ఇవి పెట్టుకుంటే కొత్త ఫైళ్లకు మళ్లీ ఆ తిప్పలుండవు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఆ 1.006లో రేకు రెండు ముఖాలూ, అంచులూ కలిసే ఉన్నాయి. రెండువైపులా పౌడర్ కోటింగ్ వేయడానికి అదే సరైన లెక్క. రేకు కొనడానికి మాత్రం అర చదరపు మీటరే. ఒకే కాలమ్‌ను రెండు పనులకూ వాడితే రేకు రెట్టింపు వచ్చి పడుతుంది. కోటింగ్ షాపు చదరపు అడుగుల్లో రేటు చెబితే 10.764తో గుణించి, ఆ అంకెకు వేరే కాలమ్ పెట్టండి. శీర్షికలో యూనిట్ లేని బీఓఎంను మాత్రం దయచేసి షాపుకు పంపకండి.