నానమ్మ పాట 4/4లో పట్టలేదు

"అన్నా, కీబోర్డు నేర్చుకుంటున్నా, నోటేషన్ రాసుకోడానికి సాఫ్ట్‌వేర్ ఏదైనా చెప్పు" అని చాలామంది అడుగుతున్నారు. ఈరోజు ఎపిసోడ్ దాని గురించే. ముందే చెప్పేస్తున్నా, నేను మ్యూజిక్ టీచర్‌ని కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్లు కోడ్ రాసి, కెమెరా ముందుకొచ్చిన వాణ్ని. స్టాఫ్ నోటేషన్ అంటే ఐదు గీతలు, వాటి మీద చుక్కలు. మొన్నటిదాకా నాకు తెలిసింది అంతే.

మరి ఎందుకు మొదలుపెట్టా? మా నానమ్మ కోసం. ఆమెకి ఎనభై దాటాయి. నాట్లు వేసేటప్పుడు పాడే పాట ఒకటి ఆమెకి వచ్చు. మా ఇంట్లో ఇంకెవరికీ రాదు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఫోన్‌లో రికార్డ్ చేశా. రెండో చరణం దగ్గర ఆగిపోయింది. "యాదికొస్తలేదు బిడ్డా" అంది. నాకు లోపల గుబులు పుట్టింది. ఉన్నదాన్నైనా రాసిపెడదాం అనుకున్నా.

నేను వాడింది మ్యూజ్‌స్కోర్ స్టూడియో. ఫ్రీ, ఓపెన్ సోర్స్. 2002లో వెర్నర్ ష్వీర్ అనే డెవలపర్, మ్యూజ్ అనే వేరే మ్యూజిక్ ప్రోగ్రామ్‌లోంచి నోటేషన్ భాగాన్ని విడదీసి దీన్ని మొదలుపెట్టాడు. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. ఫోన్‌లో అదే పేరుతో కనిపించే యాప్ స్కోర్లు చూడ్డానికి, వినడానికి. రాయాలంటే లాప్‌టాప్ కావాలి. మీ దగ్గర లేకపోతే ఫ్రెండ్‌ది ఒక సాయంత్రం అడగండి, సరిపోతుంది.

ఇన్‌స్టాల్ చేశా. కొత్త స్కోర్ తెరిస్తే టైమ్ సిగ్నేచర్ ఏంటని అడిగింది. ముందే 4/4 అని ఉంది కదా, నెక్స్ట్ కొట్టేశా. మనం టర్మ్స్ అండ్ కండిషన్స్‌కి ఓకే కొట్టినట్టు అన్నమాట. అక్కడే దెబ్బతిన్నా.

రాయడం మొదలుపెట్టా. రెండో బార్‌కే గోల. బార్ అంటే రెండు నిలువు గీతల మధ్య ఉండే గది. ఒక స్వరం ఆ గదిలో పట్టకపోతే సాఫ్ట్‌వేరే దాన్ని రెండు ముక్కలు చేసి, మధ్యలో వంపు గీతతో కలుపుతుంది. దాన్ని టై అంటారు. నా పేజీ నిండా టైలే. ప్లే చేస్తే నానమ్మ పాట కుంటుతోంది. తప్పనిపించిన స్వరాన్ని డిలీట్ కొడితే, అది పోతోంది కానీ ఆ చోట విరామం గుర్తు వచ్చి కూర్చుంటోంది. రెండు రాత్రులు సాఫ్ట్‌వేర్‌నే తిట్టుకున్నా.

మూడో రోజు లాప్‌టాప్ మూసేసి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, తొడ మీద తాళం వేస్తూ విన్నా. తకిట, తకధిమి. మూడు, నాలుగు. మొత్తం ఏడు! మన కర్ణాటక సంగీతంలో మిశ్రచాపు అంటారే, ఆ నడక. 4/4 గదిలో ఎయిత్ నోట్లు ఎనిమిది పడతాయి. పాటేమో ఏడుకే తిరిగి మొదటికొస్తోంది. అంటే బార్ బార్‌కీ ఒక్కో అడుగు పక్కకి జరుగుతోంది. బగ్ సాఫ్ట్‌వేర్‌లో లేదు, నా చెవిలో ఉంది. టైమ్ సిగ్నేచర్ 7/8కి మార్చా. బార్లన్నీ మళ్లీ సర్దుకున్నాయి. టైలు దాదాపు అన్నీ పోయాయి.

కాబట్టి ఫ్రెండ్స్, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: ముందు తాళం, తర్వాత స్వరం, ఆ తర్వాతే కీబోర్డు. తాళం తేలకుండా లాప్‌టాప్ తెరవకండి.

ఇక చేతి పని. ఎన్ నొక్కితే రాసే మోడ్ వస్తుంది, ఎస్కేప్‌తో బయటికి. అంకెలు నిడివికి: 4 అంటే ఎయిత్ నోట్, 5 క్వార్టర్, 6 హాఫ్. ముందు నిడివి నొక్కి, తర్వాత ఏ నుంచి జీ దాకా అక్షరాల్లో ఒకటి. సున్నా కొడితే విరామం. పై బాణం, కింది బాణం అరస్వరం జరుపుతాయి, కంట్రోల్‌తో కలిపి కొడితే స్థాయి మారుతుంది. సరిగమలు వచ్చినవాళ్లు మొదట్లో "స"ని సీ దగ్గర పెట్టుకోండి. శంకరాభరణం స్వరాలు ఏ షార్ప్ గుర్తూ లేకుండా వచ్చేస్తాయి. పాడేవాళ్ల శ్రుతికి చివర్లో ట్రాన్స్‌పోజ్ చేయొచ్చు. మాటలకి కంట్రోల్, ఎల్. ఒకే పదంలో అక్షరాల మధ్య హైఫన్, పదం అయ్యాక స్పేస్.

రోజుకి నాలుగు బార్లు రాయండి చాలు. ప్లే చేసి, రికార్డింగ్ పక్కన పెట్టి వినండి. తేడా వస్తే అక్కడే ఆగండి.

ఇంకో మాట. 1988 నుంచి ఉన్న ఫినాలే అనే పెద్ద నోటేషన్ సాఫ్ట్‌వేర్‌కి ఇక కొత్త వెర్షన్లు ఉండవని 2024 ఆగస్టులో దాని కంపెనీ ప్రకటించింది. సాఫ్ట్‌వేర్లు పోతాయి, పాట పోకూడదు. అందుకే ప్రతి స్కోర్‌నీ మ్యూజిక్ ఎక్స్ఎంఎల్‌లో, పీడీఎఫ్‌లో కూడా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. మొదటిది వేరే సాఫ్ట్‌వేర్లలో తెరుచుకుంటుంది, రెండోది కాగితం మీదికి వస్తుంది.

మొత్తం అయ్యాక నానమ్మకి ఫోన్‌లో వినిపించా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వింది. "నా పాటనే గానీ, ఇస్తిరి చేసిన చీర లెక్క ఉందిరా. ఆడ సాగదీయాలె" అని పాడి చూపించింది. నిజమే. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఆమె గొంతు జారే జారుడు ఆ చుక్కల్లో లేదు. నోటేషన్ పాటకి ఎముకల గూడు లాంటిది, ప్రాణం గొంతులోనే ఉంటుంది. అందుకే స్కోర్ ఉన్న ఫోల్డర్‌లోనే ఆమె రికార్డింగ్ కూడా పెట్టా. ఆమె సాగదీయమన్న చోట 4ని 5 చేశా.

రెండో చరణం ఇంకా గుర్తురాలేదు. స్కోర్‌లో ఆ చోట ఎనిమిది బార్లు ఖాళీగా ఉంచా. ప్రతి ఆదివారం ఫోన్ చేసి మొదటి చరణం ప్లే చేస్తా, ఆమె కూడా పాడుతుంది. చూద్దాం.

మీ ఇంట్లో కూడా ఒకరికే వచ్చిన పాట ఏదో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ తర్వాత నేర్చుకోవచ్చు, ఈ వారమే ఫోన్ తీసి రికార్డ్ చేయండి. దాని తాళం ఎంతో లెక్కపెట్టి కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి.