స్వంత పత్రికకు క్రొత్త రూపము

నా మిత్రులొకరు స్వంత ఖర్చుతో ఒక చిన్న మాసపత్రికను నడుపుచున్నారు. వ్రాయుట, దిద్దుట, తపాలాబిళ్ళలు అంటించుట, సమస్తము వారే. ఇటీవల వారికి పత్రిక రూపము మార్చవలెనని కోరిక కలిగినది. అట్టమీద మూడు రంగులు చేరినవి. శీర్షికల అక్షరములు మల్లెతీగవలె చుట్టలు తిరిగినవి. పుటకు నలువైపుల పూల అంచులు వెలసినవి. చోటు చాలక లోపలి అక్షరము చిన్నదైనది. మొదటినుండియు చందాదారుగా నున్న ఒక వృద్ధులు కార్డు వ్రాసిరి: "పత్రిక అందినది. అందులో మీరు మాత్రము కనబడలేదు." మిత్రులు ఆ కార్డు నాకు చూపి, నవ్వలేక నవ్విరి.

అప్పుడు నాకు యాన్ చిహోల్ట్ గుర్తునకు వచ్చెను. ఆయన 1902లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున, బోర్డులు వ్రాసి జీవించు ఒక చిత్రకారుని ఇంట జన్మించెను. అచ్చుపుటను అమర్చు విద్యయే ఆయన వృత్తి. 1928లో, ఇంకను యౌవనమున నుండగనే, పాత పద్ధతులు త్యజింపదగినవని వాదించుచు ఒక గ్రంథము ప్రకటించెను. శీర్షిక పుట నడుమ నుండరాదు. అక్షరములకు అలంకారపు కొసలు కూడవు. 1933లో నాజీలు ఆయనను నిర్బంధించిరి. కొన్ని వారములకు విడుదలై, భార్యతోను చిన్న కుమారునితోను స్విట్జర్లాండు చేరెను.

అచ్చట తన సిద్ధాంతమునే తాను ప్రశ్నించుకొనెను. 'ఇట్లే ఉండవలెను, మరియొకటి కూడదు' అను తన శాసనధోరణికిని, తన్ను చెరలో పెట్టినవారి ధోరణికిని పోలిక కలదని 1946లో అచ్చులోనే ఒప్పుకొనెను. తన్ను గూర్చి తానే ఇట్టి మాట చెప్పుకొనుటకు ఎంత గుండె కావలెను!

1947లో ఇంగ్లండులోని పెంగ్విన్ ప్రచురణసంస్థ ఆయనను పిలిపించినది. 1935లో అల్లెన్ లేన్ ఆరు పెన్నీల పుస్తకములతో ప్రారంభించిన సంస్థ అది. దాని పెలికన్ గ్రంథమాల తొలి సంపాదకులలో మన వి. కె. కృష్ణమీనన్ ఒకరు. నారింజరంగు అట్ట నవలలకు, ఆకుపచ్చ అపరాధపరిశోధన కథలకు. క్రొత్తగా వచ్చినవాడు వీనిని తుడిచివేసి తన ముద్ర వేయునని ఎవరైనను అనుకొందురు. చిహోల్ట్ అట్లు చేయలేదు. అట్టమీది మూడు పట్టీల అమరికను ఉంచెను. పక్షిబొమ్మను తిరిగి గీసెను. శీర్షికలోని అక్షరముల నడుమ ఎడము కంటికి సమముగా తోచునట్లు సర్దెను. ఆ ఎడమును కొలబద్దతో గాక కంటితో సరిచూడుడని అక్షరములు కూర్చువారికి చెప్పి చెప్పి విసిగి, ఆ మాటను రబ్బరుస్టాంపుగా చేయించెను! లోపలి పుటలకై నాలుగు పుటల నియమావళి వ్రాసెను. మాటకు మాటకు నడుమ ఎడము తగ్గవలెను; పేరా మొదలు కొంచెము లోపలికి జరుగవలెను; ఇట్టి చిన్న సంగతులే. 1949 చివర స్విట్జర్లాండునకు మరలిపోవునాటికి ఐదువందలకు మించిన పుస్తకములు ఆయన చేతిమీదుగా రూపము దిద్దుకొన్నవి. కొన్నవారిలో ఎందరు ఆ మార్పును గమనించిరో!

మన పుట కష్టము వేరు. ఇంగ్లీషులో గీత క్రిందికి దిగు అక్షరములు కొన్నియే. మనకు పైన గుడి, క్రింద వత్తు. 'స్త్రీ' అని కాగితముమీద వ్రాసి చూడుడు. ఒక్క అక్షరమునకు రెండు వత్తులు, పైన గుడిదీర్ఘము. ఇంగ్లీషు కొలతతో పంక్తులను ఇరికించినచో, పై పంక్తి వత్తు క్రింది పంక్తి తలకట్టును పొడుచును. మిత్రుల పత్రికలో జరిగినదిదియే. రంగులు వారికి కనబడినవి గాని, ఈ పోట్లాట కనబడలేదు.

మేమిద్దరమును ఒక ఆదివారము కూర్చుంటిమి. పూల అంచులు పోయినవి. రంగులలో రెండు పోయినవి. నీలమును మాత్రము ఉంచవలసినదేనని వారు పట్టుబట్టిరి. స్వంత పత్రిక గదా, ఉండనిమ్మంటిని. పేరు పాత అక్షరములలోనే మరల వచ్చెను. లోపలి అక్షరము పెద్దదైనది, పంక్తులు ఎడమైనవి. అందుచే ఐదు వ్యాసములకు మూడింటికే చోటు మిగిలెను. తొలగినవానిలో ఒకటి వారు మూడు నెలలు శ్రమించి వ్రాసినది. చాలసేపు దానిని చేతిలోనే పట్టుకొని, తుదకు ప్రక్కన పెట్టిరి.

మొదటి ప్రతిని ఆ వృద్ధులకే పంపినారు. జవాబు ఇంకను రాలేదు.