వెన్ను చూపిన వీరుడు

యుద్ధమున వెన్ను చూపినవానిని మన పెద్దలు వీరుడనలేదు. కాని ఆట సాగిన తొంబది నిమిషములును మైదానమునకు వెన్ను చూపియే నిలిచి, వీరుడనిపించుకొనదగినవా డొకడు కలడు. అతనిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని మా అభిలాష.

2024 నవంబరు 18వ తేదీన హైదరాబాదు గచ్చిబౌలి క్రీడాస్థలమున భారత జట్టునకును మలేషియా జట్టునకును ఫుట్‌బాల్ పోటీ జరిగినది. విశాఖపట్నము మద్దిలపాలెము నుండి రాత్రి బస్సులో బయలుదేరిన కొందరు కుర్రవాండ్రతో మేమును పోతిమి. మద్దిలపాలెము క్రికెట్టు మరగిన పేట. మధురవాడ మైదానమునకు పోవు దారి అచటి పిల్లలకు నిద్రలోనైనను తెలియును. ఫుట్‌బాల్ చూచుటకై రాత్రియెల్ల బస్సులో కూర్చుందుమనువారు అరుదు. వారిలో ఒకని యొడిలో డప్పు కలదు. దానికి కూడ టిక్కెట్టు కొట్టవలెనా యని కండక్టరు పరిహాసమాడెను.

2017లో పదునేడేండ్ల లోపు బాలుర ప్రపంచ కప్పు మన దేశమున జరిగినది. ఆ యేడే ‘బ్లూ పిల్‌గ్రిమ్స్’ అను అభిమానుల సంఘమొకటి ఏర్పడెను. నీలి యాత్రికులని దాని యర్థము. జాతీయ జట్టు ఎచట ఆడిన అచటికి నీలి చొక్కాలతో పోయి, ఒకే చోట నిలిచి, ఒకే గొంతుతో నినదించుట వారి వ్రతము. కేరళ జట్టునకు మంజప్పడ, బెంగళూరు జట్టునకు వెస్ట్ బ్లాక్ బ్లూస్ అను సంఘములు ఇటువంటివే కలవు. అయితే అవి ఒక ఊరి భాషలో పాడుకొనును. జాతీయ జట్టు గట్టుమీద మలయాళీ, వంగీయుడు, మిజో, తెలుగువాడు భుజము భుజము రాచుకొని నిలుతురు. పొడుగు పాట యెత్తినచో సగము మంది నోరు మెదపరు. అందుచేత మూడు దెబ్బలలో ‘ఇండియా’ యని పలికి, వెంటనే మూడు చప్పట్లు చరచుట వారికి సులువైన మంత్రము.

ఇది విన్నంత సులభము కాదు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. డప్పు ప్రక్కనున్నవానికి దెబ్బ తక్షణమే వినబడును. అరువది మీటర్ల దూరమున గట్టు చివర నున్నవానికి సెకనులో సుమారు ఆరవ వంతు జాగుగా వినబడును. ఆ జాగు చాలును, నినాదము గందరగోళమగుటకు. అందుకే నాయకుడు కంచె యంచున నిలిచి, జనమునకు ముఖమిచ్చి, రెండు చేతులు పైకెత్తి తాళము చూపును. చెవికంటె కన్ను ముందు అందుకొనును. మైక్రోఫోను ముందు బ్రతుకు వెళ్ళదీయు మాకు ఈ సూక్ష్మము అక్కడ గాని తెలియలేదు! 2016లో ఐరోపా పోటీలలో ఐస్లాండు వారు చేసిన చప్పట్ల పద్ధతి దేశదేశములకు ప్రాకినది గదా. అందలి బలమంతయు చప్పట్ల నడుమ నున్న మౌనమే. ఆ మౌనమును పట్టి యుంచువాడు నాయకుడు.

మన వారికి ఈ విద్య క్రొత్తది కాదు. విశాఖ తీరమున వల లాగునపుడు ఒకడు పలుకెత్తగా తక్కినవారు ‘హైలెస్సా’ యందురు. తప్పెటగుళ్ళలో గురువు ఎత్తుగడకు బృందము అడుగు కలుపును. బుర్రకథకు వంతలు లేక కథకుడు లేడు. మా డప్పు కుర్రవాని తాత తప్పెటగుళ్ళ బృందమున ఆడినవాడట.

19వ నిమిషమున మలేషియా గోలు చేసెను. గట్టు చల్లబడినది. ఒక మూల నుండి మన ఆటగానిపై తిట్టొకటి లేచి, నాలుగు గొంతులు దానిని అందుకొనెను. అప్పుడు చూచితిమి నాయకుని పని. అతడు వారిని గద్దింపలేదు. డప్పు కుర్రవానివైపు వ్రేలు చూపెను. దెబ్బ పడెను, ‘ఇండియా’ లేచెను, తిట్టు మునిగిపోయెను.

అది సబబా యని మాలో మాకు వాదము జరిగినది. 2018 జూన్ 1న ముంబయిలో చైనీస్ తైపేపై మన జట్టు 5-0 తో గెలిచిననాడు వచ్చినవారు 2,569 మంది మాత్రమే. నాయకుడు సునీల్ ఛేత్రి మనసు కష్టపెట్టుకొని, తిట్టుటకైనను మైదానమునకు రండని దేశమును వేడుకొనెను. జూన్ 4న కెన్యాతో ఆయన నూరవ పోటీ ఆడునాటికి స్థలము నిండెను. మనవారు 3-0 తో గెలిచిరి, అందు రెండు గోలులు ఆయనవే. ఛేత్రియే అనుమతించిన తిట్టును ఆపుటకు వీరెవరని ఒకడు అడిగెను. మా మట్టుకు మాకు 1962 సెప్టెంబరు 4, జకార్తా గుర్తునకు వచ్చినది. ఆసియా క్రీడల తుదిపోటీలో దక్షిణ కొరియాతో ఆడిన మన జట్టును, రాజకీయ వివాదము కారణముగా, క్రిక్కిరిసిన జనము ఆసాంతము హేళన చేసెను. హైదరాబాదువాడైన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీము జట్టు ఆ హోరులోనే 2-1 తో స్వర్ణము గెలిచినది. పాకిస్తాను హాకీ ఆటగాండ్రు మనవారికై కేకలు వేసిరని ఆటగాండ్రు పిదప చెప్పుకొనిరి. పరాయి ఊరిలో దొరికిన ఆ కొద్ది గొంతుల విలువ తెలిసినవారు, సొంత ఊరిలో తిట్టునకు గొంతు అరువియ్యరు.

39వ నిమిషమున మూల నుండి వచ్చిన బంతిని రాహుల్ భేకే తలతో కొట్టి సమము చేసెను. గట్టంతయు ఎగిరెను. నాయకుడు మాత్రము ఆ గోలును మా ముఖములలో చూచెను. వెనుకకు తిరిగి చూచునప్పటికి బంతి వలలో నుండెను. పోటీ 1-1 తో ముగిసినది. ఆ సంవత్సరము భారత జట్టు ఒక్క పోటీయైనను గెలువలేదు. అయినను చివరి ఈల తరువాత ఆటగాండ్రు గట్టు దగ్గరకు వచ్చి చప్పట్లు కలిపిరి.

తిరుగు ప్రయాణమున డప్పు కుర్రవానికి గొంతు పెగలలేదు. జనమువైపే చూచుచు దెబ్బ వేసినవాడగుటచేత అతడును గోలు చూడలేదు. “ఎలా పడిందండీ?” యని గుసగుసగా మమ్మడిగెను. మేము చెప్పినది ఒక విధము, ప్రక్కవాడు చెప్పినది మరియొక విధము. వెనుక సీటువాడు లేచి నిలిచి తలతో కొట్టి చూపబోయి, పైనున్న సామానుల బల్లకు నుదురు తగిలించుకొనెను.