సీటు ఆమెది, దస్కతు ఎవరిది?

(లాలాగూడలో అక్షరాలు నేర్చిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఊర్లో బోరింగు చెడిపోతే ఎవరికి కష్టం? బిందె పట్టుకుని దూరం నడిచే ఆడవాళ్లకే. కాని బోరింగు ఎక్కడ వేయాలో ఒకప్పుడు మగవాళ్లే తేల్చేవారు.

ఈ పద్ధతి మార్చడానికి చట్టం వచ్చింది. అదే 73వ రాజ్యాంగ సవరణ. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. పంచాయతీ సీట్లలో కనీసం మూడో వంతు ఆడవాళ్లకు ఇవ్వాలని చెప్పింది. తర్వాత తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో ఆ వాటా సగం అయింది. అంటే రెండు సీట్లుంటే ఒకటి. సర్పంచి పదవులకూ ఇదే లెక్క.

సీటు వచ్చింది. మరి కుర్చీలో కూర్చునేది ఎవరు?

కొన్ని ఊళ్లలో భార్య సర్పంచి, పెత్తనం భర్తది. ఆఫీసుకు ఆయనే పోతాడు. గ్రామసభలో ఆయనే మాట్లాడతాడు. సాయంత్రం కాగితాలు తెచ్చి, "ఇక్కడ దస్కతు పెట్టు" అంటాడు. ఆమె పొయ్యి కాడ నుంచి లేచి వచ్చి పెడుతుంది.

రేపు లెక్క తప్పితే నోటీసు ఎవరి పేరున వస్తుంది? దస్కతు పెట్టిన ఆమె పేరునే వస్తుంది!

కర్నూలు జిల్లాలో కల్వ అనే ఊరుంది. 1995లో ఫాతిమా బీ అక్కడ సర్పంచి అయ్యారు. మొదట్లో పంచాయతీ పనులు భర్తే చూసేవారు. తర్వాత ఆమె పొదుపు సంఘాల ఆడవాళ్లతో కలిశారు. తానే ముందుకొచ్చి పనులు చేయించారు. పేదరికం మీద పోరాడినందుకు 1998లో ఆమెకు ఐక్యరాజ్యసమితి అవార్డు వచ్చింది. చట్టం ఇచ్చింది సీటే. దానికి బలం ఇచ్చింది తోటి ఆడవాళ్లు.

"మేం పట్నంలో ఉన్నాం, మాకెందుకు?" అనకండి. పట్నంలోనూ ఆడవాళ్లకు సీట్లున్నాయి. పక్కనున్న తార్నాక నుంచి గెలిచిన మోతె శ్రీలత 2021లో హైదరాబాద్ డిప్యూటీ మేయర్ అయ్యారు. ఇక ఊర్లో మీ అక్కో, వదినో వార్డు మెంబరుగా నిలబడవచ్చు. పండుగకు పోయినప్పుడు ఆమెకు ఈ నాలుగు మాటలు చెప్పండి.

ఒకటి: ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద దస్కతు పెట్టవద్దు.

రెండు: చెక్కు మీద ఎవరి పేరుందో, ఎంత డబ్బుందో చదవాలి. అంకెల్లో ఉన్నదీ, అక్షరాల్లో ఉన్నదీ ఒకటేనా అని చూడాలి.

మూడు: తీర్మానం చదివించుకుని వినాలి. అర్థం కాకపోతే అడగాలి. అడగడం నామోషీ కాదు.

నాలుగు: గ్రామసభకు ఒంటరిగా పోవద్దు. పదిమంది ఆడవాళ్లు కలిసి పోవాలి. తెలంగాణ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ పెట్టాలి. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని అడగాలి.

వేలిముద్రకు చదవడం రాదు. మీకు ఇప్పుడు వచ్చింది. ముందు చదవండి, తర్వాతే దస్కతు పెట్టండి!