సహాధ్యాయి యుత్తరము



గ్రంథాలయములలో మిక్కిలిగా నలుగునవి అపరాధ పరిశోధక నవలలు. మిక్కిలిగా నిందకు గురియగునవియు నవియే. అవి ప్రొద్దుపుచ్చుటకు దప్ప నెందులకును కొరగావని పెద్దల వాదము. ముసుగులు, కత్తులు దప్ప మరేమియు లేని పుస్తకములు పెక్కు కలవు గనుక ఆ వాదము నిరాధారము గాదు. కాని యొక్క కథనైనను విచారించి పిమ్మట తీర్పు చెప్పుట న్యాయము.

బ్రిటిష్ రచయిత, వైద్యుడు నగు ఆర్థర్ కానన్ డాయిల్ 1893లో స్ట్రాండ్ పత్రికయందు ప్రకటించిన నౌకాదళ సంధిపత్రపు కథ యది. పరిశోధకుడగు షెర్లాక్ హోమ్స్ సర్కారు ఉద్యోగి గాడు. ఈ వ్యవహారమును ఆతని గడపకు దెచ్చినది యొక పాత బడిస్నేహము. ఆతని మిత్రుడగు వాట్సన్‌కు పెర్సీ ఫెల్ప్స్ అను సహాధ్యాయి కలడు. ఈడు దాదాపు ఒకటే యైనను ఫెల్ప్స్ రెండు తరగతులు ముందుండెడివాడు. బహుమానములన్నియు నతనివే, మేనమామ పెద్ద రాజకీయ నాయకుడు. అట్టివానిని తోడి బాలురు ఊరక విడుతురా? తోకకప్ప యని పేరుపెట్టి, ఆటస్థలమున తరిమి, క్రికెట్టు కర్రతో కాళ్లపై కొట్టెడివారు. ఏండ్లు గడచిన పిదప ఆ తోకకప్ప దిక్కుతోచక, పాత చెలికానికే జాబు వ్రాయించెను.

చదువునాటి చెలిమిని నమ్ముట మనకును క్రొత్త గాదు. విశాఖదత్తుని ముద్రారాక్షసమున చాణక్యుడు తన సహాధ్యాయి యగు ఇందుశర్మను క్షపణకవేషమున శత్రువుల నడుమ నిలిపెను. నందుల మంత్రి యగు రాక్షసుడంతటివాడే యతనిని విశ్వసించెను. అచట చెలిమి వంచనకు సాధనమైనది. ఇచట ఆపన్నుని రక్షణకు.

జరిగిన దిది. విదేశాంగ మంత్రి యగు మేనమామ ఇంగ్లండు, ఇటలీల రహస్య సంధిపత్రమును ప్రతి వ్రాయుమని ఫెల్ప్స్‌కు అప్పగించెను. అందు ప్రకరణములు 26. సగమైనను గాకముందే నిద్ర ముంచుకొనిరాగా అతడు కాఫీకై గంట మ్రోగించెను. కావలివాని భార్య వచ్చి, సరే యని పోయెను. ఎంతకును కాఫీ రాదు. దిగిపోయి చూడగా కావలివాడు నిద్రలో నుండెను, నీళ్లు మరుగుచుండెను. అంతలో గోడమీద గంట మ్రోగెను. అది ఫెల్ప్స్ గది గంటయే! పరుగున పోయి చూడగా పత్రము లేదు. తన రాకను తానే గంట కొట్టి చాటు దొంగ ఎచటనైన నుండునా?

అనుమానము ఎవరిపై బడెను? కావలివాని భార్యపై. లెక్క తప్పినచో మొదట బంట్రోతు వంక చూచుట ఏ కచేరికైనను అలవాటే గదా! పోలీసులు ఆమె యింటికి పోయిరి. వారు వచ్చియున్నారని విని ఆమె వంటయింటిలోనికి పరుగెత్తెను. సోదా చేసిరి, ఏమియు దొరకలేదు. వచ్చినవారు అప్పులవారనుకొని ఆమె పారిపోయినది!

ఫెల్ప్స్ జ్వరపీడితుడై ఓకింగ్‌లోని యింట పడెను. అతని కాబోవు భార్య అన్న జోసెఫ్ ఉన్న గదిని అప్పటికప్పుడు ఖాళీ చేయించి, అందే పడుకొనబెట్టిరి.

మీమాంసకులు అర్థాపత్తి యను ప్రమాణమును చెప్పుదురు. పగలు భుజింపని దేవదత్తుడు బలిసియున్నచో రాత్రి భుజించుచున్నాడని గ్రహింపవలెను. హోమ్స్ తర్కము అచ్చముగా నట్టిదే. పది వారములైనను సంధి రహస్యము బయటికి పొక్కలేదు. కావున దానిని దాచినవానికే అది చేతికందకుండ నున్నది. తాను దాచినచోటికి తానే పోలేనివా డెవ్వడు? గది పోగొట్టుకొన్న జోసెఫ్! పరిచారిక లేని మొదటి రాత్రియే యెవరో కిటికీ తెరువజూచుటయు దీనికి సరిపడెను. షేర్ల వ్యాపారమున నష్టపడిన జోసెఫ్ ఆ రాత్రి ఫెల్ప్స్‌తో కలిసి రైలులో పోవుటకై కార్యాలయమునకు వచ్చి, ఎవరును లేకపోగా గంట కొట్టెను. పత్రము కంటబడినది ఆ తరువాతనే. గంట మ్రోగినపుడు అతడింకను దొంగ కాలేదు.

హోమ్స్ రాత్రియంతయు తోటలో పొంచి, నేలబల్ల క్రిందినుండి పత్రమును తీసిన జోసెఫ్‌ను పట్టి, పెనుగులాడి దానిని రాబట్టెను. మరునాటి యుదయము ఫెల్ప్స్ ఉపాహారపు పళ్లెముపై మూత తీయగా అందున్నది సంధిపత్రము! అతడు చుట్టచుట్టిన ఆ కాగితమును రొమ్మున కదుముకొని గదియంతయు గంతులు వైచెను. సోదాకు గురియైన ఆ కావలివాని భార్య మాట మాత్రము కథాంతమున ఎవ్వరును ఎత్తలేదు.