క్లోజ్ అంటే అయిపోయినట్టు కాదు

కువైట్‌లో షర్క్ నుంచి మాట్లాడుతున్నానండి. ఇక్కడ టవర్ పనిలో సూపర్‌వైజర్‌ని. ఐటీఐ చదివినవాణ్ణి, డాక్టర్ని కాదు. అయినా క్యాన్సర్ ఆపరేషన్ రిపోర్టులో వచ్చే మార్జిన్ గురించి చెప్తాను. మా ఇంట్లో ఆ ఒక్క మాట దగ్గరే కొంప మునిగేది.

మాది శ్రీకాకుళం వైపు. మా మేనత్త అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. మా వైపు ఆడవాళ్లలో పాత అలవాటే. దీనివల్ల అంగిలికి వచ్చే జబ్బుల మీద, మన ఆంధ్రలో పదివేలమందికి పైగా పల్లెజనాన్ని చూసి, 1971లోనే పరిశోధన పత్రం వేశారు. అత్తకీ అంగిట్లోనే పుండు లేచింది. ఆపరేషన్ అయ్యాక రిపోర్టులో ‘క్లోజ్ మార్జిన్’ అని వచ్చింది. అత్త కొడుకు ఫోన్ చేసి, “క్లోజ్ అంటే పనైపోయినట్టే కదా బావా, ఇంక విశాఖ వెళ్లక్కర్లేదుగా” అన్నాడు.

కాదండీ. ఇక్కడ క్లోజ్ అంటే దగ్గర. క్యాన్సర్ కణాలు కోసిన అంచుకి దగ్గర్లో ఉన్నాయని.

సైట్‌లో హనీకూంబ్ వచ్చిన కాంక్రీట్‌ని చెడ్డది కనిపించినంతవరకే కొట్టి ఆపం, గట్టిది తగిలేదాకా వెళ్తాం. నోట్లో సర్జన్ కూడా పుండు చుట్టూ సుమారు ఒక సెంటీమీటరు మంచి కండ కలిపి కోస్తారు. కాకపోతే మాకు సుత్తి మోతే చెప్పేస్తుంది, వాళ్లకి కణాలు కంటికి కనబడవు. అసలు లెక్క తర్వాత పాథాలజిస్టు తీస్తారు. ముక్క అంచులకి సిరా పూసి, పలచగా కోసి, సిరాకీ క్యాన్సర్‌కీ మధ్య దూరం మైక్రోస్కోపులో కొలుస్తారు. నోటికి సాధారణంగా 5 మి.మీ. ఉంటే క్లియర్, తక్కువైతే క్లోజ్, సిరాని తాకితే పాజిటివ్. రొమ్ములో గడ్డవరకే తీసే ఆపరేషన్లకి లెక్క వేరు, పక్కింటివాళ్ల రిపోర్టుతో పోల్చకండి.

అత్తకి వెనకవైపు 3 మి.మీ. వచ్చింది. ఇంకొంచెం కొయ్యొచ్చు కదా అని మావాళ్లకి కోపం. కోసిన కండ ముడుచుకుంటుందండీ, కోసినప్పుడున్న దూరం కొలిచేసరికి ఉండదు. పైగా వెనక ఉండేది మెత్తని అంగిలి. అది పోతే తాగిన నీళ్లు ముక్కులోకొస్తాయి, మాట స్పష్టంగా రాదు.

మెడ గ్రంథులు, నరాల సంగతి కూడా చూసి రేడియేషన్ ఇవ్వాలన్నారు. 30 సిట్టింగులు. బామ్మర్దే తీసుకెళ్తున్నాడు, నిన్నటికి 19 అయ్యాయి. అంగిట్లో కన్నానికి ప్లేటు పెట్టారు. చోడి అంబలి తాగుతోంది, “ఉప్పేసినా తెలీట్లేదురా” అంటోంది.